ఏడాది ఆగమనడం వైద్యం కాదు

బైకు మీంచి పడి చెయ్యి పడిపోయిన కుర్రాడికి మన దగ్గర దొరికే సలహా దాదాపు ఎప్పుడూ ఒకటే. "ఎముక విరగలేదు, అదృష్టవంతుడివి. నరాలు దెబ్బతిన్నాయి, అంతే. నరం మెల్లగా వస్తుంది. బిళ్ళలు వాడుతూ ఫిజియో చేయించుకో. ఏడాది ఆగి చూద్దాం." ఊళ్ళో ఆర్‌ఎంపీ ఈ మాటే అంటాడు. పట్నంలో పెద్ద చదువు చదివిన డాక్టరూ ఈ మాటే అంటాడు. పలకరించడానికొచ్చిన బంధువులూ ఇదే అంటారు. ఇంతమంది నోట వచ్చిన మాట కాబట్టి ఇంట్లోవాళ్ళు నమ్ముతారు. ఏడాది గడుస్తుంది. చెయ్యి రాదు. అప్పుడు అవే నోళ్ళు రెండో మాట అంటాయి: "ఆలస్యమైపోయింది. ఇంక చేసేదేం లేదు."

ఈ రెండు మాటల మధ్య రావలసిన మాట ఒకటుంది. "ఇదీ సరైన సమయం" అన్న మాట. అది మాత్రం ఎవరూ అనరు. నిన్నటిదాకా తొందరపాటు అయింది ఇవాళ ఆలస్యం ఎలా అయింది? వైద్యం చెయ్యవలసిన రోజు ఏది? ఆ రోజు వచ్చింది, ఏ కాగితం మీదా ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి వెళ్ళిపోయింది. చేతి నరాల దెబ్బకి ఓపికే మందు, ఓపికతో రాకపోతే ఇక రానట్టే అన్న అభిప్రాయం మన సమాజంలో పాతుకుపోయింది. దాన్ని ఖండించడానికే ఈ వ్యాసం.

ఆ వాదానికి ఆధారమే లేదని నేను అనను. నరం పెరుగుతుందన్నది నిజం. జబ్బ ఎముక విరిగినప్పుడు దాన్ని చుట్టుకుని దిగే రేడియల్ నరం నలిగి మణికట్టు వాలిపోతే, నూటికి 70 మందికి పైగా ఏ కోతా లేకుండానే కోలుకుంటారు. అక్కడ మూడు నాలుగు నెలలు కనిపెట్టుకుని ఉండడమే సరైన వైద్యం. తొందరపడి కోస్తే దానంతట అది వచ్చే నరాన్ని చేజేతులా పాడుచేసినవాళ్ళమవుతాం. నరాల ఆపరేషన్లు గంటల తరబడి సాగుతాయి, ఖర్చవుతాయి, ఫలితం నెలల తర్వాత గానీ తెలియదు. తెలిసినా చెయ్యి మునుపటిలా అవదు. ఆపరేషన్‌కి పొలం తాకట్టు పెట్టి, చెయ్యి రాక, అప్పు మాత్రం మిగిలిన ఇళ్ళున్నాయి. ఇవన్నీ చూసిన డాక్టరు "ఆగుదాం" అన్నాడంటే అందులో జాలి కూడా ఉంటుంది. అయినా ఈ వాదం నిలవదు. కొన్ని దెబ్బల విషయంలో నిజమైనదాన్ని అది అన్ని దెబ్బలకీ అంటగడుతోంది.

1. "నరం దెబ్బతింది" అంటే రోగ నిర్ధారణ అయినట్టు కాదు

రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికులకు చికిత్స చేస్తూ బ్రిటిష్ సర్జన్ హెర్బర్ట్ సెడన్ 1943లోనే నరాల దెబ్బల్ని మూడు రకాలుగా విడదీశాడు. మొదటి రకంలో నరం తెగదు. ఒత్తిడికి దానిలో సంకేతం కొంతకాలం ఆగిపోతుంది, వారాల్లో, మహా అయితే మూడు నెలల్లో తిరిగి వస్తుంది. కుర్చీ అంచు మీద జబ్బ ఆనించి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయినవాడికి తెల్లారేసరికి మణికట్టు వాలిపోయి ఉండడం ఇలాంటిదే. రెండో రకంలో లోపలి పోగులు తెగుతాయి గానీ వాటిని పొదువుకుని ఉన్న సన్నని గొట్టాలు నిలిచి ఉంటాయి. పోగు ఆ గొట్టంలోంచే పెరుగుతుంది కాబట్టి ఆలస్యమైనా దారి తప్పదు. మూడో రకంలో నరం పూర్తిగా తెగిపోతుంది, లేదా లోపలంతా మచ్చకట్టి మూసుకుపోతుంది. ఇది దానంతట అది అతకదు. నెలలు గడిచినా, ఏళ్ళు గడిచినా అతకదు. 1951లో ఆస్ట్రేలియాకు చెందిన సిడ్నీ సండర్లండ్ ఈ మూడింటినీ ఇంకా తరచి ఐదు మెట్లుగా చూపించాడు. ఎనభై ఏళ్ళుగా వైద్య విద్యార్థులు చదువుతున్న పాఠమే ఇది.

బైకు ప్రమాదాల్లో ఇంతకంటే ఘోరమైన దెబ్బ ఇంకొకటుంది. వేగంగా పోతూ పడినప్పుడు తల ఒకవైపుకి, భుజం ఇంకోవైపుకి విరుచుకుపోతాయి. మెడలో వెన్నుపాము నుంచి చేతికి బయల్దేరే ఐదు నరాల వేర్లు, అవి అల్లుకుని ఏర్పడే బ్రేకియల్ ప్లెక్సస్, ఆ గుంజుడుకి సాగుతాయి, తెగుతాయి, ఒక్కోసారి వేరు ఏకంగా వెన్నుపాములోంచి ఊడి వచ్చేస్తుంది. ఊడిన వేరుకి పెరగడానికి మొదలంటూ ఉండదు. అలాంటివాడితో "నరం మెల్లగా వస్తుంది" అనడం అబద్ధం చెప్పడమే. అన్నవాడికి అది అబద్ధమని తెలియకపోవచ్చు. విన్నవాడికి జరిగే నష్టం మాత్రం తగ్గదు.

వేరు ఊడిందని పసిగట్టడానికి గుర్తులు లేకపోలేదు. స్పర్శ లేని చేతిలోనే మంట, నలిపేస్తున్నట్టు నొప్పి. దెబ్బ తగిలిన వైపు కనురెప్ప కాస్త వాలి, కంటిపాప చిన్నదవడం. వీపు మీద రెక్క ఎముక పైకి పొడుచుకు రావడం. చూసేవాడు చొక్కా విప్పించి, కంట్లోకి చూసి, నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు, మొదటి వారంలోనే అనుమానం రావాలి. ఆ తర్వాత మెడకి తీయాల్సిన ఎమ్మారై తీస్తారు. ఇవేమీ చూడకుండా ఏడాది గడువు పెట్టే అధికారం ఎవరికీ లేదు.

2. కోసుకున్న గాయానికి ఆగడమన్న ప్రశ్నే లేదు

అద్దం పగిలి, సీసా పగిలి, కొడవలి జారి మణికట్టు తెగిన కేసులు ప్రతి పెద్దాసుపత్రికీ వస్తాయి. రక్తం ఆపుతారు, చర్మానికి కుట్లు వేస్తారు, టీటీ ఇంజెక్షన్ ఇచ్చి పంపుతారు. చిటికెనవేలు తిమ్మిరిగా ఉందని రోగి చెబితే "దెబ్బ కదా, ఉంటుంది" అంటారు. ఇక్కడ పరీక్షకి పట్టేది అర నిమిషం. చిటికెనవేలి కొన మీద దూదితో తాకి తెలుస్తోందా అని అడగాలి. రెండు వేళ్ళ మధ్య కాగితం ముక్క పెట్టి గట్టిగా పట్టుకోమని లాగి చూడాలి. అల్నార్ నరం తెగినవాడి వేళ్ళ మధ్య ఆ కాగితం నిలవదు. బొటనవేలిని అరచేతికి ఎదురుగా పైకి లేపమనాలి. మీడియన్ నరం తెగితే లేపలేడు.

పదునైన వస్తువుతో తెగిన నరాన్ని కొద్ది రోజుల్లోనే సూక్ష్మదర్శిని కింద కొనకి కొన కలిపి కుట్టాలి. వారాలు గడిచాయంటే తెగిన కొనలు వెనక్కి ముడుచుకుపోతాయి, మచ్చకడతాయి. అప్పుడు నేరుగా కలపడం కుదరదు. పిక్క వెనక నుంచి సూరల్ నరం ముక్క తీసి మధ్యలో అతుకు వెయ్యాలి. మొదటి రోజు ఒక్క అతుకుతో పోయేది రెండు అతుకులవుతుంది, ఫలితం తగ్గుతుంది, పాదం పక్క స్పర్శ కూడా పోతుంది. ఆగినందుకు రోగి చెల్లించే మూల్యం ఇది. తెగిన గాయం కింద నరం పని చెయ్యకపోతే, తెగలేదని రుజువయ్యేదాకా అది తెగినట్టే లెక్క. మనవాళ్ళు దీన్ని తలకిందులు చేశారు.

3. ఏడాది అన్న అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఈ వాదంలో అతి పెద్ద డొల్ల ఇక్కడే ఉంది. కాబట్టి నిదానంగా లెక్క కడదాం.

జనం నరాన్ని కరెంటు తీగలా ఊహించుకుంటారు. తెగిన చోట కలిపితే ఆ క్షణమే బల్బు వెలుగుతుందనుకుంటారు. నరం అలా కాదు. తెగిన చోటు నుంచి చివరిదాకా ఉన్న పోగులన్నీ చచ్చిపోతాయి. ఈ సంగతి ఆగస్టస్ వాలర్ 1850లోనే చూపించాడు. కలిపి కుట్టిన తర్వాత పోగు అతుకు దగ్గర మొదలై కండ దాకా కొత్తగా పెరుగుతూ పోవాలి. ఆ పెరుగుదల పెద్దవాళ్ళలో రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు. అంటే నెలకి మూడు సెంటీమీటర్లు.

రెండో లెక్క కండది. నరం అందని కండ ఊరికే కూర్చుని ఎదురుచూడదు. వారాల్లోనే సన్నబడడం మొదలవుతుంది. నరమూ కండా కలిసే చోట్లు క్రమంగా చెదిరిపోతాయి. 12 నుంచి 18 నెలలు దాటాక కండ స్థానంలో నారా, కొవ్వూ మిగులుతాయి. ఆ తర్వాత ఎంత మంచి నరం వచ్చి చేరినా అక్కడ ముడుచుకోవడానికి కండ ఉండదు.

ఇప్పుడు రెండూ కలపండి. మెడ దగ్గర తెగిన నరం మోచేతిని మడిచే కండకి చేరాలంటే సుమారు 25 సెంటీమీటర్లు పెరగాలి. అంటే ఎనిమిది నెలల పైచిలుకు. నాలుగో నెలలో ఆపరేషన్ జరిగితే పన్నెండు, పదమూడు నెలలకి చేరుతుంది, కండ ఇంకా బతికే ఉంటుంది. ఏడాది ఆగి చేస్తే ఇరవై నెలలు దాటుతుంది, అప్పటికి కండ అయిపోయి ఉంటుంది. ఇక మెడ నుంచి అరచేతిలోని చిన్న కండలకి దూరం 70 సెంటీమీటర్ల పైమాటే. మొదటి రోజే కలిపినా పెద్దవాళ్ళలో వాటికి సకాలంలో నరం చేరదు. అందుకే నరాల సర్జన్లు ప్రమాదం జరిగిన మూడు నుంచి ఆరు నెలల మధ్య కాలాన్ని అంత గట్టిగా పట్టుకుంటారు. ఆరు దాటిన కొద్దీ ఫలితం తగ్గుతూ పోతుంది. ఏడాది నాటికి నరం కలిపే ఆపరేషన్‌కి చాలావరకు తలుపు మూసుకుపోతుంది.

అంటే "ఏడాది ఆగి చూద్దాం" అన్న గడువు, చికిత్స పనిచేసే కాలం సరిగ్గా ఎక్కడ ముగుస్తుందో అక్కడ పెట్టిన గడువు. దానికి శాస్త్రంలో ఏ ఆధారమూ లేదు. గుండ్రంగా ఉన్న అంకె కాబట్టి నోటికొచ్చింది.

ఒక డిశ్చార్జి కాగితం చూశాను. ఇరవై రెండేళ్ళ కుర్రాడిది, సెంట్రింగు పని చేసేవాడు. కుడి చెయ్యి భుజం నుంచి వేలాడుతోంది. కాగితంలో స్కానింగు వివరాలున్నాయి, గాయానికి వేసిన కుట్ల లెక్క ఉంది, ఆరు రకాల మందుల పేర్లున్నాయి. భుజం ఎంత లేస్తోంది, మోచెయ్యి ఎంత మడుస్తున్నాడు, వేళ్ళు కదులుతున్నాయా అన్న ఒక్క వాక్యం లేదు. కండబలాన్ని సున్నా నుంచి ఐదు దాకా అంకెల్లో రాసే పద్ధతి వైద్యంలో ఎన్నో దశాబ్దాలుగా ఉంది. ఆ అంకెలు రాయకపోతే మూడో నెలలో వచ్చిన మార్పుని దేనితో పోల్చి చూస్తారు? మళ్ళీ ఎప్పుడు రావాలి అన్న చోట "అవసరమైతే" అని రాశారు. చెయ్యి వేలాడుతున్న మనిషికి అవసరం ఎప్పుడొస్తుందో అతనే తేల్చుకోవాలట. ఇది నిర్లక్ష్యం. ఇంకో పేరు పెట్టడానికి నేను ఒప్పుకోను.

4. బిళ్ళలు, సూదులు, "బాగానే ఉంది" అన్న పరీక్ష

ఆగమన్న కాలాన్ని నింపడానికి ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. అదే నరాల బిళ్ళ. మిథైల్‌కోబాలమిన్, అంటే విటమిన్ బీ12. ఒంట్లో బీ12 తక్కువైనందువల్ల నరాలు పాడైనవాళ్ళకి ఇది ప్రాణం పోస్తుంది, సందేహం లేదు. తెగిన రెండు కొనల మధ్య ఖాళీని ఏ విటమినూ పూడ్చదు. వెన్నులోంచి ఊడిన వేరుని ఏ సూదీ తిరిగి అంటించదు. పైగా ఈ బిళ్ళలు కొన్నింటిలో కలిపే బీ6ని పెద్ద మోతాదులో నెలల తరబడి మింగితే అదే నరాల స్పర్శని దెబ్బతీస్తుంది. ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ నరాల నొప్పిని తగ్గిస్తాయి, అది రోగికి ఎంతో మేలు. నొప్పి తగ్గింది కాబట్టి నరం వస్తోందని అనుకోవడం మాత్రం పొరపాటు.

కండకి కరెంటు పెట్టించుకునే వాళ్ళు ఇంకొందరు. పడుకోబెట్టి ప్యాడ్లు అంటిస్తే కండ ఎగిరి పడుతుంది, చూసిన తల్లికి ఆశ పుడుతుంది. ఆ కదలిక మిషనుది. తెగిన నరం అతికిందనడానికి అది సాక్ష్యం కాదు.

ఫిజియోథెరపీని నేను ఈ గాటన కట్టను. అది లేనిదే ఏదీ లేదు. భుజం, మోచెయ్యి, వేళ్ళ కణుపులు బిగుసుకుపోకుండా రోజూ కదిలిస్తూ ఉంటేనే రేపు నరం వచ్చినా ఆపరేషన్ జరిగినా చెయ్యి పని చేస్తుంది. స్పర్శ లేని చేతిని వేడి స్టీలు గ్లాసు నుంచీ, పొయ్యి నుంచీ కాపాడుకోవడం నేర్పేదీ వాళ్ళే. అయితే తెగిన నరాన్ని ఫిజియో కలపలేదు. ఆ సంగతి మంచి ఫిజియోథెరపిస్టే ముందు చెబుతాడు. మూడు నెలలుగా ఒక్క కండలోనూ కదలిక లేదని డాక్టరు కంటే ముందు గమనించేది కూడా చాలాసార్లు అతనే. అతని మాట వినే వ్యవస్థ మనకి లేదు.

ఇక పరీక్ష సంగతి. ప్రమాదమైన రెండు మూడు రోజులకే నరాల వేగం కొలిచే ఎన్‌సీవీ చేయించి "కింద నరం బాగానే పనిచేస్తోంది" అని ధైర్యం చెబుతారు. పైన తెగిన నరం కింది భాగం కొద్ది రోజుల పాటు సంకేతాన్ని మోస్తూనే ఉంటుంది. చచ్చిపోవడానికి దానికి వారం పది రోజులు పడుతుంది. కండలోకి సన్నని సూది దించి చేసే ఈఎంజీలో దెబ్బ పూర్తిగా బయటపడాలంటే మూడు వారాలు దాటాలి. కాబట్టి తొలివారంలో చేసిన పరీక్ష ఇచ్చిన భరోసాకి విలువ లేదు. మూడు నాలుగు వారాలకి చెయ్యాలి, మూడో నెల ముగిసేలోగా మళ్ళీ చెయ్యాలి. ఇంకో సంగతి. చేతిలో స్పర్శ బొత్తిగా లేకపోయినా స్పర్శ నరం పరీక్షలో బాగా పలికిందనుకోండి, అది శుభవార్త కాదు. వేరు వెన్ను దగ్గరే ఊడిందని చెప్పే గుర్తు. దీన్ని "రిపోర్టు నార్మల్" అని చదివి ఇంటికి పంపేవాళ్ళున్నారు.

5. "ఆపరేషన్ చేసినా గ్యారంటీ లేదు కదా"

లేదు. ఆగితే ఉందా? ఈ ప్రశ్న ఎవరూ వెయ్యరు. ఆపరేషన్ దగ్గర మాత్రం పూచీకత్తు అడుగుతారు. ఏమీ చెయ్యకపోవడాన్ని ఏ పూచీకత్తూ లేకుండా ఒప్పుకుంటారు. రెండు దారుల్లో ఒకదానికే పరీక్ష పెట్టి రెండోదాన్ని నెగ్గించే వాదం ఇది.

పైగా ఈ వాదం చేసేవాళ్ళ మనసులో ఉన్న ఆపరేషన్ వెనకటి కాలంది. మెడ దగ్గర తెగిన చోటనే అతుకు వేసి దూరపు కండ కోసం ఏళ్ళు ఎదురుచూసే పద్ధతి ఒక్కటే ఈరోజు లేదు. 1994లో పారిస్‌లో క్రిస్టోఫ్ ఒబెర్లిన్ అనే సర్జన్ వేరే దారి చూపించాడు. మెడలో పై వేర్లు తెగి మోచెయ్యి మడవలేకపోతున్న మనిషికి కింది వేర్ల నుంచి వచ్చే అల్నార్ నరం బాగానే ఉంటుంది. ఆ నరం ఎన్నో సన్నని పాయల కట్ట. అందులో మణికట్టుని వంచే పాయ ఒకదాన్ని జబ్బలో విడదీసి, మోచెయ్యి మడిచే కండలోకి వెళ్ళే కొమ్మకి కలిపాడు. మిగతా పాయలు ఉన్నాయి కాబట్టి అరచెయ్యి పని పెద్దగా చెడదు. నరం పెరగాల్సిన దూరం కొన్ని సెంటీమీటర్లే. దాంతో ఏళ్ళు పట్టేది నెలల్లోకి దిగింది. సకాలంలో చేస్తే అధికశాతం రోగులు మోచెయ్యి మడవగలుగుతున్నారు. బైకులు మనలాగే రోడ్లు నిండా తిరిగే థాయ్‌లాండ్‌లో సోంసక్ లీచవెంగ్‌వోంగ్స్ బృందం 2003లో, చెయ్యి చాచే కండకి పోయే కొమ్మని భుజం లేపే నరానికి కలిపి భుజాన్ని తిరిగి లేపించింది. అన్ని వేర్లూ పోయినవాళ్ళకి పక్కటెముకల నరాలు తెచ్చి కలుపుతారు. షాంఘైలో గూ యూడోంగ్ 1986లో అవతలి వైపు మెడ నుంచే ఒక వేరుని ఇటు మళ్ళించాడు.

ఒబెర్లిన్ పద్ధతిలో ఆపరేషన్ అయిన మనిషిని ఫిజియో గదిలో చూడాలి. కొన్ని నెలలకి మొదటి కదలిక వస్తుంది. "మోచెయ్యి మడు" అంటే మడవలేడు. "పిడికిలి బిగించి మణికట్టు లోపలికి వంచు" అంటే వంచుతాడు, ఆ వంపుతో పాటే జబ్బలో కండ చిన్నగా ఉబ్బుతుంది. పక్కనున్నవాళ్ళు వేలు పెట్టి తాకి చూస్తారు. ఆ తర్వాత నెలలు నెలలు సాధన చెయ్యగా, మణికట్టు సంగతి తలచుకోకుండానే మోచెయ్యి మడవడం మెదడుకి అలవాటవుతుంది. ముద్ద నోటి దాకా వస్తుంది. సంచీ ముంజేతికి తగిలించుకోగలుగుతాడు. మునుపటి చెయ్యి కాదది, ఆ మాట సర్జను ముందే చెప్పాలి. అయితే వేలాడే చేతికీ మడిచే చేతికీ మధ్య ఉన్న తేడా, ఒంటి చేత్తో బతుకు లాగాల్సినవాడికి తెలిసినంతగా, "గ్యారంటీ ఏముంది" అని అడిగేవాడికి తెలియదు.

ఖర్చు మాట కూడా ఇలాగే వాడుతున్నారు. ఆపరేషన్ ఖర్చుని సున్నాతో పోలుస్తారు. ఇరవై రెండేళ్ళ కూలివాడు మిగిలిన నలభై ఏళ్ళు కుడి చెయ్యి లేకుండా సంపాదించలేకపోయే డబ్బుతో కదా పోల్చాలి! ఏడాది పాటు నెలనెలా కొన్న బిళ్ళల ఖర్చు, తిరిగిన ఆటోల ఖర్చు ఈ లెక్కలో ఎక్కడా కనపడవు. ప్రభుత్వ పథకం కింద తన ఆపరేషన్ వస్తుందా, ఏ ఆసుపత్రిలో వస్తుందని ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చోబెట్టి అడిగించే పని మొదటి నెలలోనే జరగాలి.

6. "పసిబిడ్డ కదా, అదే వస్తుంది"

కాన్పులో భుజం ఇరుక్కుని లాగినప్పుడు బిడ్డ చేతి నరాలు సాగుతాయి. ఇందులో ఎక్కువమంది నిజంగానే కోలుకుంటారు. ఆ నిజం మిగతా పిల్లల పాలిట శాపమైంది. నూనె రాయండి, ఎండలో పడుకోబెట్టండి, నడక వచ్చేనాటికి చెయ్యి కూడా వస్తుంది అని ఇంట్లో పెద్దలంటారు, డాక్టరు కాదనడు. పారిస్‌లో అలాన్ గిల్బర్ట్ ఇలాంటి పిల్లల్ని ఏళ్ళ తరబడి చూసి ఒక కొలత చెప్పాడు. మూడో నెల నిండేసరికి బిడ్డ మోచెయ్యి మడవకపోతే నరాల సర్జనుకి చూపించాలి. చెయ్యి మొత్తం వాలిపోయి, ఆ వైపు కనురెప్ప కూడా వాలి ఉంటే అంతకంటే ముందే చూపించాలి. పసివాళ్ళ చెయ్యి చిన్నది, నరం పెరగాల్సిన దూరం తక్కువ, పెద్దవాళ్ళకి అందని అరచేతి కండలు వాళ్ళకి అందే అవకాశముంది. అంత మంచి అవకాశం ఉన్న వయసులోనే మనం ఎక్కువ ఆలస్యం చేస్తున్నాం. టీకాలకి మూడో నెల తేదీ గుర్తుపెట్టే వ్యవస్థ మన దగ్గర ఉంది. అదే కార్డు మీద మోచెయ్యి సంగతి ఒక గీతలో రాయడానికి ఏ అడ్డూ లేదు.

నిదానంగా నలిగే నరాల విషయంలోనూ ఇదే ధోరణి. మణికట్టులో మీడియన్ నరం ఒత్తుకుపోయి రాత్రుళ్ళు వేళ్ళు తిమ్మిరెక్కి లేచి కూర్చునే ఆడవాళ్ళు ఎందరో. షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్ళలో ఇది మరీ ఎక్కువ. మొదట్లో రాత్రిపూట మణికట్టుకి పట్టీ, అవసరమైతే ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ సరిపోతాయి. బొటనవేలి మొదట్లో ఉబ్బుగా ఉండే కండ పలచబడడం మొదలైతే ఇక ఆగకూడదు. చెయ్యి వరకే మత్తు ఇచ్చి చేసే చిన్న ఆపరేషన్ అది. దానికి భయపడి ఏళ్ళ తరబడి నరాల బిళ్ళలు మింగి, చివరికి చీర కుచ్చిళ్ళు పట్టుకోలేని స్థితికి వచ్చినవాళ్ళకి అప్పుడు చేసినా పూర్తి ఫలితం రాదు.

7. "ఇంక చేసేదేం లేదు" అన్నది రెండో అన్యాయం

మొదటి మాట కాలాన్ని తినేస్తే, రెండో మాట మిగిలినదాన్ని కూడా లాక్కుంటుంది. నరం కలిపే గడువు దాటిపోవచ్చు. చేతికి వైద్యం చేసే గడువు దాటదు.

ఇందుకు ఉదాహరణ చిత్తూరు పక్కనే ఉంది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 1940ల చివర్లో పాల్ బ్రాండ్ అనే సర్జన్ కుష్ఠు వల్ల వేళ్ళు కొంకర్లు పోయిన చేతుల్ని పట్టించుకోవడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో అందరూ నమ్మిన మాట ఒకటుండేది. కుష్ఠు రోగి మాంసం చెడ్డది, కోస్తే మానదు, ఆ చేతులకి చేసేదేం లేదని. బ్రాండ్ పరీక్షించి చూశాడు. చచ్చిపోయినది నరం, కండ చెడ్డది కాదు. కోత మామూలుగానే మానింది. బాగా పనిచేస్తున్న కండ తాలూకు టెండన్‌ని ఒక చోటు నుంచి తీసి, పడిపోయిన వేళ్ళకి మళ్ళించి కుట్టాడు. ఏళ్ళ తరబడి ముడుచుకున్న వేళ్ళు విచ్చుకున్నాయి. మనుషులు మళ్ళీ పనిముట్లు పట్టుకున్నారు. నరం దెబ్బ ఎంత పాతదైనా ఈ ఆపరేషన్‌కి అడ్డు లేదు, ఎందుకంటే ఇది బతికున్న కండనే వాడుకుంటుంది. వాలిపోయిన మణికట్టుని లేపడానికి, బొటనవేలుని ఎదురు తిప్పడానికి ఈనాటికీ ఇదే పద్ధతి. కుష్ఠులో కొత్తగా వచ్చిన బలహీనత ఆరు నెలల లోపుదైతే ప్రెడ్నిసొలోన్‌తో నరాన్ని కాపాడుకునే వీలుంది. అక్కడా గడియారమే ముఖ్యం.

బ్రేకియల్ ప్లెక్సస్ దెబ్బ తగిలి రెండేళ్ళు దాటినవాడికి తొడలోంచి గ్రాసిలిస్ అనే కండని దాని రక్తనాళాలతో, నరంతో సహా తీసి చేతిలో అమర్చి మోచెయ్యి మడిచేట్టు చేస్తారు. ఎండిపోయిన పాత కండతో దానికి పని లేదు. భుజం జారిపోతూ ఉంటే కీలుని స్థిరంగా బిగిస్తారు. కోయంబత్తూరులోని గంగా ఆసుపత్రిలో, వెల్లూరులో ఈ శస్త్రచికిత్సలు ఎన్నో ఏళ్ళుగా జరుగుతున్నాయి. "దేశంలో ఎక్కడా చెయ్యరు" అని చెప్పి పంపిన డాక్టరు రోగిని మోసగించినట్టే.

ఊడిన వేర్ల నొప్పి భరించలేక చెయ్యి తీసేయించుకోమని సలహా ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ నొప్పి చేతిలో పుట్టడం లేదు, వెన్నుపాములో వేరు ఊడిన చోట పుడుతోంది. చెయ్యి తీసేసినా అది అక్కడే ఉంటుంది. మందులకి లొంగకపోతే సరిగ్గా ఆ చోటనే చేసే న్యూరోసర్జరీ ఒకటుంది. నొప్పికోసమని చెయ్యి నరకడం ఏ లెక్కన చూసినా తప్పు.

8. ఎంత ఆగాలో చెప్పి ఆపండి

కనిపెట్టి చూడడాన్ని నేను వద్దనడం లేదు. తేదీ లేకుండా, కొలత లేకుండా, ఎవరు చూస్తారో చెప్పకుండా ఆపడాన్ని వద్దంటున్నాను. తెగిన గాయమైతే రోజుల్లో నరం కుట్టాలి. మూసి ఉన్న దెబ్బైతే మూడు నాలుగు వారాలకి పరీక్ష, నెలనెలా కండబలం అంకెల్లో, వేలితో తడితే జివ్వుమనే చోటు కిందికి దిగుతోందో లేదో నమోదు. వేరు ఊడిన గుర్తులుంటే ఆ వెంటనే నరాల సర్జను దగ్గరికి. మిగతావాళ్ళకి మూడో నెలాఖరుకి కదలిక లేకపోతే అక్కడికే. ఆరో నెల దాటనివ్వకూడదు. ఇదేమీ ఖరీదైన యంత్రం అడగడం లేదు. ఒక పెన్ను, ఒక కాగితం, చొక్కా విప్పించి చూసే ఓపిక ఉంటే చాలు.

జిల్లా ఆసుపత్రి నుంచి కార్పొరేట్ ఆసుపత్రి దాకా చెయ్యి పడిపోయిన ప్రతి మనిషి డిశ్చార్జి కాగితం మీదా మూడు సంగతులు ఉండి తీరాలి: ఏ నరం లేదా ఏ వేరు, ఏ రకం దెబ్బ, ఏ తేదీ దాకా ఆగాలి. ఈ మూడింటికీ జవాబు రాసివ్వమని రోగి అడగాలి, వెంట వచ్చిన అన్నో తండ్రో పట్టుబట్టాలి. రాసివ్వని చోట ఇంకో వారం కూడా ఉండక్కర్లేదు. అక్కడి బిళ్ళల చీటీ తీసుకుని, స్కానింగు ఫిల్ములు సంచీలో పెట్టుకుని, నరం కుట్టగల సర్జను ఉన్న ఊరికి ఆ రాత్రి బస్సుకే బయల్దేరాలి.